పొన్న కాయలు దొరికాయి, మొలకెత్తించడం ఎలా? (విశాఖ)

వాల్తేరు వాసి · జూన్ 8

అందరికీ నమస్కారం. మా ఆఫీసు ఆవరణలో పెద్ద పొన్నచెట్టు ఉంది. ఈ వారం గాలికి దాని కింద కాయలు పరుచుకుపోయాయి. ఊడ్చి చెత్తబండిలో వేస్తుంటే ప్రాణం ఒప్పక సంచిలో ఏరుకొచ్చాను. కొన్ని ఇంకా పచ్చగా నున్నగా ఉన్నాయి. కొన్ని పసుపు తిరిగి తోలు ముడతలు పడ్డాయి. కొన్నింటికి తోలే లేదు, గట్టి పెంకు ఒక్కటే మిగిలింది.

మా అక్కావాళ్లకి భీమిలి రోడ్డులో సముద్రం పక్కన కొంచెం స్థలం ఉంది. మామిడి పెట్టారు, వేప పెట్టారు. సముద్రం వైపు ఆకంతా మాడిపోయి చెట్లు ఒక పక్కకి వాలిపోతున్నాయి. ఈ పొన్న చూస్తే ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. తెల్లటి పూలు, మధ్యలో పసుపు కేసరాలు, చెట్టు కిందకి వెళ్తే చాలు వాసన. దీన్నే అక్కడ పెంచాలని, అదీ గింజ నుంచే పెంచాలని గట్టిగా అనుకుంటున్నాను.

సందేహాలు ఇవి. కాయల్ని నీళ్లలో వేసి తేలినవి పారేయమని వీడియోల్లో చెబుతున్నారు. నావి అన్నీ తేలాయి. అంటే అన్నీ తాలేనా? పెంకు పగలగొట్టాలా, అలాగే పాతాలా? ఎన్నాళ్లకి మొలుస్తాయి?

నర్సరీ బాబాయి · జూన్ 8

ఒక్క కాయ కూడా పారేయకమ్మా. పొన్నకాయ ఎంత మంచిదైనా తేలుతాది. పెంకు లోపల బెండు ఉంటాది, దాని వల్ల. ఒక ఒడ్డున రాలి సముద్రంలో కొట్టుకుపోయి ఇంకో ఒడ్డున మొలవాల్సిన కాయ అది, మునిగిపోతే ఎలగ? ఆ నీళ్ల పరీక్ష దీనికి పనికిరాదు.

పసుపు తిరిగినవి, తోలు ఊడినవి ముందు తీసుకో. పచ్చివి నీడలో పక్కన పెట్టు, పండుతాయి. తోలు లేనివి గబ్బిలాలు తిని వదిలేసినవి అయ్యుంటాయి. వాటికి కావలసింది పైనున్న పల్చటి గుజ్జు, పెంకుని ముట్టుకోవు. మనకి ఒలిచే పని తగ్గించి పెట్టాయి. పెంకుకి సన్న కన్నం కనిపిస్తే మాత్రం పురుగు చేరినట్టు, అది తీసెయ్.

బేగి మొదలెట్టు. డబ్బాలో దాచుకుని వచ్చే ఏడాది వేసుకునే గింజ కాదిది.

ఋషికొండ · జూన్ 8

పెంకు సంగతి నాకూ కావాలి. కిందటేడు ఎవరో పెంకుతో పాతితే వర్షాకాలం సగం దాటినా ఏమీ రాలేదని చెప్పి, కుండీ తిరగేసి చూస్తే లోపల అప్పుడే వేరు పట్టి ఉందట.

బోటనీ టీచరు · జూన్ 9

పెంకు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పొన్న పెంపకంలో సగం విషయం అందులోనే ఉంది.

కాయను కోస్తే వరసగా పొరలు కనిపిస్తాయి. పైన పల్చటి తోలు, దాని కింద కొద్దిపాటి గుజ్జు, ఆ తర్వాత చెక్కలాంటి గట్టి పెంకు, పెంకు లోపలి వైపు మెత్తటి బెండు. వీటన్నిటి మధ్య గుండ్రటి పప్పు ఒక్కటే ఉంటుంది. నీరు పప్పుని చేరాలంటే పెంకునీ బెండునీ దాటాలి. ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది.

పెంకు పూర్తిగా తీసేసిన పప్పు సుమారు 3 వారాల్లో మొలకెత్తుతుంది. పెంకుకి బీట ఇచ్చి వదిలేస్తే 5 వారాల పైమాట. ఏమీ చేయకుండా పాతితే 8 వారాలు, ఒక్కోటి ఇంకా ఎక్కువ. మొలిచే గింజల సంఖ్య కూడా ఇదే వరసలో తగ్గుతుంది. ఒలిచినవి పదింట తొమ్మిది మొలిచే చోట, పెంకుతో పాతినవి ఆరు మొలిస్తే బాగా మొలిచినట్టే. ఋషికొండ గారు చెప్పిన కుండీ తిరగేయడం ఇందుకే జరుగుతుంది. ఇంకొన్నాళ్లు ఆగితే ఆకు కనిపించేది.

పెంకు తీశాక పప్పు రంగు చూడండి. తెల్లగా, మీగడ రంగులో, గోటితో నొక్కితే గట్టిగా ఉంటే తాజా గింజ. గోధుమరంగుకి తిరిగి, జిడ్డుగా, ఘాటు వాసన వేస్తుంటే అది ఎండి నూనె ఊరిన పప్పు. పచ్చి పప్పులో నూనె పెద్దగా కనిపించదు. వారాల తరబడి ఎండబెట్టాకే అది ముదురు రంగుకి తిరిగి జిడ్డు తేలుతుంది, ఎండిన పప్పు బరువులో సగానికి పైగా నూనే. వెనకటి రోజుల్లో దీపాలకి పోసిన ఆకుపచ్చటి పొన్ననూనె దీని నుంచి తీసిందే. నూనె కోసం ఎండబెట్టడం ఎంత అవసరమో, మొలక కోసం ఎండబెట్టకపోవడం అంత అవసరం. మీ సంచిని ఇప్పుడే ఎండ తగలని చోటికి మార్చండి.

ఇంకో మాట. పప్పు విషపూరితం, తినకూడదు. పచ్చి తోలు గిల్లినా కొమ్మ విరిచినా జిగట పాలు కారతాయి, అవి కంట్లో పడితే ప్రమాదం. ఒలిచేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, పని అయ్యేదాకా కళ్లు నలుపుకోకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గోలీలనుకుని ఆడుకుంటారు, పప్పులు వాళ్లకి అందకుండా పెట్టండి.

వాల్తేరు వాసి · జూన్ 9

టీచరు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్సండి. సంచి వెంటనే మెట్ల కిందకి మార్చాను. ఇంతకీ పప్పు నలక్కుండా పెంకు పగలగొట్టేది ఎలా?

మేడమీద మొక్కలు · జూన్ 9

సుత్తి వద్దు. ఒక దెబ్బకి పగలదు, రెండో దెబ్బకి పప్పుతో సహా చితికిపోతుంది. నేను వక్కలు కత్తిరించే అడకత్తెర వాడతాను. కాయను కీలు దగ్గరగా పెట్టి మెల్లగా నొక్కితే పెంకు టప్పుమని బీటలిస్తుంది. వెంటనే ఆపేయాలి. కాయను కొంచెం తిప్పి మళ్లీ నొక్కితే పెంకు రెండు మూడు చెక్కలుగా వచ్చేస్తుంది. బెండుని చేత్తో ఒలవచ్చు. మీ ఇంట్లో అడకత్తెర లేకపోతే వడ్రంగి దగ్గర ఉండే వైస్‌లో బిగించి కొంచెం కొంచెంగా తిప్పినా అదే పని జరుగుతుంది. ఒలిచిన పప్పుల్ని ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి పొద్దున్నే విత్తేయండి.

ఉప్పుగాలి · జూన్ 10

నాకు ఈ ఒలవడం నచ్చదండీ. అడవిలో ఎవరు ఒలుస్తున్నారు? పెంకు ఆ గింజకి కవచం. ఒలిచిన పప్పుకి వానాకాలంలో బూజు పడుతుంది, చీమలు చేరతాయి, ఎలకలు తవ్వుతాయి. ఆలస్యమైతే అవనీ, గట్టి మొక్క వస్తుంది.

బోటనీ టీచరు · జూన్ 10

బూజు విషయంలో మీరన్నది నిజమే. మట్టి ఎప్పుడూ తడితడిగా ఉంటే ఒలిచిన పప్పే ముందు కుళ్లుతుంది. ఆలస్యంగా మొలిస్తే మొక్క గట్టిగా ఉంటుందన్న దానితో మాత్రం ఒప్పుకోలేను. గింజ సముద్రంలో ప్రయాణించేటప్పుడు పెంకు కవచం, మొలకెత్తే వేళకి అదే అడ్డుగోడ. అడవిలో ఒక చెట్టు ప్రతి కాపుకీ వందల కాయలు రాలుస్తుంది, వాటిలో ఒకటి రెండు నిలబడినా దానికి చాలు. ఈవిడ చేతిలో ఉన్నది ఒక సంచి.

నర్సరీ బాబాయి · జూన్ 10

ఇద్దరి మాటా వినొచ్చమ్మా. సగం పూర్తిగా ఒలిచి వెయ్. మిగతా సగానికి బీట ఇచ్చి వదిలెయ్. వాన ఎక్కువై ఒలిచినవి పోయినా రెండో వరస ఉంటాది.

విత్తేది ఎలగంటే, ఎర్రమట్టి ఒక పాలు, నది ఇసుక ఒక పాలు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) అర పాలు. పచ్చి గెత్తం వేస్తే వేడికి పప్పు ఉడికిపోద్ది. ఇసుక మన బీచ్‌లోది వద్దు, ఉప్పు ఉంటాది, పైగా ఒడ్డు ఇసుక తియ్యకూడదు. పప్పుని పక్కకి పడుకోబెట్టి, పైన వేలి మందం మట్టి కప్పు. మరీ లోతుగా పాతకు. షేడ్ నెట్ కింద పెట్టి వాన నేరుగా కొట్టకుండా చూసుకో. మట్టి పిడికిట్లో పిండితే నీళ్లు కారకూడదు, పొడిపొడిగానూ ఉండకూడదు. ఎలకల భయం ఉంటే పైన ఇనప జల్లెడ బోర్లించు, అంతే.

భీమిలి గాలి · జూన్ 10

బాబాయి గారు చెప్పిన ఎర్రమట్టి గురించి ఒక విన్నపం. దయచేసి ఎవరూ ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి మట్టి తేకండి. అది జాతీయ భూవారసత్వ ప్రదేశం, వేల ఏళ్లపాటు ఇసుక పేరుకుని ఏర్పడిన దిబ్బలు. ఇప్పటికే చుట్టుపక్కల తవ్వకాలతో నలిగిపోతున్నాయి. మొక్క పెంచడానికి ఏ నర్సరీలో అయినా ఒక బస్తా మట్టి దొరుకుతుంది.

నర్సరీ బాబాయి · జూన్ 10

మంచి మాట చెప్పావు బాబూ. అక్కడిది వద్దే వద్దు.

సిరిపురం · జూన్ 12

మా ఇంటి ముందు పున్నాగ ఉంది. చాలా పొడుగు చెట్టు, పొడవాటి కాడతో తెల్లపూలు రాత్రిపూట రాలతాయి, పొద్దున్నే పిల్లలు ఏరి జడల్లా అల్లుతారు. ఇన్నేళ్లలో దాని కింద ఒక్క కాయ కూడా చూడలేదు. ఈ పొన్న, అదీ ఒకటేనా?

బోటనీ టీచరు · జూన్ 12

మీది కాడమల్లె, ఆకాశమల్లె అని కూడా అంటారు. మన వాళ్లు చాలామంది దాన్నే పున్నాగ అని పిలుస్తారు కాబట్టి నర్సరీలో అడిగేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర కాడమల్లెకి కాయ పట్టడం అరుదు, వేళ్ల నుంచి వచ్చే పిలకలతోనే పెంచుతారు. దాని కర్ర పెళుసు, గాలివానకి తొందరగా విరుగుతుంది. తీరం పక్కన పెట్టడానికి నేనైతే ఎంచుకోను.

ఆకు చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పొన్న ఆకు దళసరిగా, మైనం పూసినట్టు మెరుస్తూ, కొమ్మకి జంటలు జంటలుగా ఉంటుంది. నడిమి ఈనె నుంచి రెండు వైపులా సన్నటి గీతలు దువ్వెన పళ్లలా ఒకదాని పక్కన ఒకటి దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ దళసరి ఆకు వల్లే ఉప్పుగాలిని అంత బాగా తట్టుకుంటుంది. కాడమల్లె ఆకు చిన్నచిన్న రెక్కలుగా చీలి ఉంటుంది.

గాజువాక · జూన్ 13

అంతా బాగానే ఉంది గానీ ఇంత నెమ్మదిగా పెరిగే చెట్టుకి అంత ఓపిక ఎక్కడుందండీ. సముద్రం వైపు అడ్డు కావాలంటే కోనోకార్పస్ వేస్తే రెండేళ్లలో పచ్చటి గోడ కట్టేస్తుంది. ఉప్పుకీ తట్టుకుంటుంది.

మేడమీద మొక్కలు · జూన్ 13

అన్నా, వద్దు. దాని వేళ్లు డ్రైనేజీ పైపుల్లోకి దూరతాయని, పుప్పొడి వల్ల ఎలర్జీలు, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇబ్బంది అని చాలా చోట్ల ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. ఇక్కడి పక్షికీ తేనెటీగకీ దానితో పెద్దగా పని లేదు. పొన్న పూసినప్పుడు వెళ్లి చూడు, చెట్టంతా తేనెటీగల చప్పుడే.

భీమిలి గాలి · జూన్ 13

తొందరగా పెరగడం గురించి మా ఊళ్లో నేర్చుకున్నది రాస్తాను. కాస్త పొడుగే అవుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లెవరూ ఆ మర్నాటి రోడ్లని మరిచిపోలేరు. గంటకి 180 కిలోమీటర్ల గాలి అన్నారు. యూనివర్సిటీ ఆవరణ, బీచ్ రోడ్డు, కంబాలకొండ, ఎటు చూసినా పడిపోయిన చెట్లే. నిలబడ్డవాటికి ఆకు లేదు. ఎండ ఇంత తీక్షణంగా ఉంటుందా అని ఆ వారమే చాలామందికి తెలిసింది. నేను మిత్రులతో కలిసి కొమ్మలు తొలగించే పనిలో తిరిగాను, అప్పుడు పడిన చెట్ల వేళ్లని దగ్గరగా చూశాను. ఎక్కువగా పడినవి ఎర్ర తురాయి, పచ్చ తురాయి. తొందరగా పెరుగుతాయి, నీడ వెంటనే వస్తుంది, అందుకని వీధుల నిండా అవే పెట్టారు. వాటిలో చాలావాటికి లోతుగా దిగిన వేరు లేదు. వేళ్లన్నీ పళ్లెంలా పైపైనే పరుచుకున్నాయి. చుట్టూ సిమెంటు, కింద పైపులు. వేరు ఎటు పోతుంది?

మా పక్క కాలనీలో రెండు పాత పొన్నలు ఉన్నాయి. కొమ్మలు పోయాయి, ఆకంతా కాలినట్టు రాలిపోయింది, మొదళ్లు మాత్రం కదల్లేదు. వేసవికల్లా మళ్లీ చిగురించాయి. రెండు చెట్లు చూసి సిద్ధాంతం చెప్పకూడదు. కానీ పసిఫిక్ దీవుల్లో తీరం పొడవునా గాలికి అడ్డుగా తరతరాలుగా పొన్ననే పెంచుతున్నారు, అది ఊరికే కాదు.

అందుకే వాల్తేరు వాసి గారు గింజ నుంచి పెంచుతాననడం నాకు ఎంతో నచ్చింది. పెద్ద మొక్కని తవ్వి తెచ్చి నాటితే మొదట తెగేది తల్లివేరే. గింజ నుంచి వచ్చి, చిన్నప్పుడే భూమిలోకి వెళ్లిన మొక్కకి ఆ వేరు నిలుస్తుంది. పైకి కనిపించే ఎత్తు నాలుగేళ్లు తక్కువైనా నాకు ఫరవాలేదు.

గాజువాక · జూన్ 14

ఒప్పుకుంటున్నానండి. హుద్‌హుద్ రోజు మా వీధి తురాయి మా మామయ్య గారి కారు మీదే పడింది. పొన్న కాయలు నాకూ కొన్ని కావాలి.

వాల్తేరు వాసి · జూలై 5

వచ్చాయండీ! ఒలిచినవాటిలో సగానికి పైగా మొలిచాయి, ఇంకా వస్తున్నాయి. బీట ఇచ్చినవాటిలో ఇంకా కదలిక లేదు. కాడ నిటారుగా వచ్చి పైన రెండు చిన్న ఆకులు జంటగా విప్పుకున్నాయి. కానీ చిక్కుడులా పప్పు రెండు బద్దలై పైకి రాలేదు, మట్టిలోనే ఉండిపోయింది. దాన్ని తీసేయాలా? కుళ్లి మొక్కకి తగులుతుందేమోనని భయంగా ఉంది.

బోటనీ టీచరు · జూలై 5

ముట్టుకోకండి! పొన్నలో బీజదళాలు మట్టిలోనే ఉండిపోతాయి. మొక్క మొదటి నెలల్లో తినే అన్నం అంతా అందులోనే ఉంది. తీసేస్తే పసిమొక్క నీరసించిపోతుంది. దాని పని అయ్యాక అదే ముడుచుకుని రాలిపోతుంది. చాలా సంతోషంగా ఉందమ్మా, ఫోటో పెట్టండి.

నర్సరీ బాబాయి · జూలై 6

ఇప్పుడు ముఖ్యమైన పని. ఆకు రెండే ఉందని అనుకుంటావు గానీ కింద వేరు అప్పుడే జానెడు దిగుంటాది. పల్లెం లాంటి కుండీలో ఉంచితే అడుగు తగిలి చుట్టలు చుట్టుకుంటాది. అలగ చుట్టుకున్న వేరు పెద్దయ్యాక కూడా తిన్నగా అవదు. ఇందాక బాబు చెప్పిన పడిపోయిన చెట్లలో కొన్నిటికి ఇదే రోగం ఉండుంటాది.

కాబట్టి పొడుగు నల్ల కవర్లు తెచ్చుకో, అడుగు లోతువి. అడుగున కన్నాలుండాలి. కాడ పట్టుకోకుండా చుట్టూ మట్టితో సహా చెంచాతో లేపి కవర్లోకి మార్చు. పప్పు విరిగిపోకుండా చూసుకో. మార్చిన వారం పూర్తి నీడ. తర్వాత పొద్దుటెండ చూపించు. కవర్లని నేల మీద వదిలేస్తే వేరు కన్నంలోంచి భూమిలోకి దిగిపోద్ది, అప్పుడప్పుడు లేపి పక్కకి జరుపుతూ ఉండు. లేదంటే ఇటుకల మీద తడికె వేసి దాని మీద పెట్టు.

ఋషికొండ · జూలై 6

మా ఇంటికి బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. తీరం చెట్టే కదా, పోయొచ్చా?

మేడమీద మొక్కలు · జూలై 6

పెద్ద చెట్టు తట్టుకుంటుంది, పసిమొక్కకి కవర్లో వద్దు. భూమిలో అయితే వాన ఉప్పుని కడిగేస్తుంది, కవర్లో పేరుకుపోతుంది. వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకోండి, ఈ సీజన్‌కి అదే సరిపోతుంది.

ఉప్పుగాలి · ఆగస్టు 2

నేనూ ఆ రోజే పెంకుతో కొన్ని పాతాను. వాటిలో మొలకలు ఇప్పుడే తల ఎత్తుతున్నాయి. టీచరు గారు చెప్పిన 8 వారాల లెక్క దాదాపు సరిపోయింది. వచ్చిన మొక్కలు ఆరోగ్యంగానే ఉన్నాయి, ఇంకా కొన్నింటి కోసం చూస్తున్నాను.

మంగళగిరి మనవరాలు · ఆగస్టు 3

విశాఖలోనే ఉంటున్నా, పుట్టిల్లు మంగళగిరి. నరసింహస్వామి బ్రహ్మోత్సవాల్లో పొన్నవాహన సేవ చూస్తూ పెరిగాను. కృష్ణుడు గోపికల చీరలు పట్టుకెళ్లి ఎక్కిన చెట్టు అని అమ్మమ్మ చెప్పేది. వాహనం మీద చూడటమే తప్ప అసలు చెట్టుని దగ్గరగా చూసింది ఇక్కడికి వచ్చాకే. మాది అపార్ట్‌మెంట్, వీధి ఇరవై అడుగులు ఉంటుందేమో. ఇంటి ముందు ఒకటి పెట్టుకోవచ్చా?

బోటనీ టీచరు · ఆగస్టు 3

ఆ వీధికి పొన్న వద్దమ్మా. కింద నుంచే కొమ్మలు వేసి గొడుగులా పరుచుకునే చెట్టు, ఒడ్డున అయితే వాలి కూడా పెరుగుతుంది. పెరిగాక కరెంటు తీగలకని ఏటా నరికేస్తారు, చెట్టు అందం పోతుంది, మీ మనసు కష్టపడుతుంది. గోడకి కనీసం 6 మీటర్ల దూరం లేని చోట దీన్ని పెట్టకండి.

మీకు పొగడ బాగుంటుంది. అదీ ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టే, గుబురుగా పద్ధతిగా పెరుగుతుంది, కత్తిరింపుకి తట్టుకుంటుంది. పొగడపూలు తెల్లవారేసరికి రాలి ఉంటాయి, దండ గుచ్చితే ఎండినా వాసన పోదు. పసుపు, నారింజ రంగు పండు తింటారు, పిల్లలున్న వీధికి భయం లేదు. పండులోని గోధుమరంగు గింజని గుజ్జు కడిగి వెంటనే విత్తండి. అదీ నిదానమే, కానీ ఒలిచే బాధ లేదు.

సిరిపురం · ఆగస్టు 4

గంగరావి గురించి ఎవరూ చెప్పలేదేంటి? మా స్కూలు దగ్గర ఉండేది. పసుపు పూలు సాయంత్రానికి ఎర్రబడిపోతాయి, ఆకు రావాకులా ఉంటుంది. కొమ్మ పాతినా బతుకుతుందిగా?

నర్సరీ బాబాయి · ఆగస్టు 4

బతుకుతాది. తొందరగా కావాలన్నవాళ్లకి అదే మంచిది, ఉప్పుకీ ఆగుతాది. కాయల కాలంలో ఎర్రపురుగులు గుంపులుగా చేరతాయి, ఏం చెయ్యవు గానీ చూసి భయపడతారు. భీమిలి స్థలంలో పొన్నకి తోడుగా రెండు గంగరావి కొమ్మలు పాతుకో, పొన్న ఎదిగేలోపు అవి గాలి కాస్తాయి.

వాల్తేరు వాసి · సెప్టెంబరు 14

మొక్కలు జానెడు పైకి వచ్చాయి, బీట ఇచ్చినవి కూడా చాలావరకు మొలిచాయి. అక్క ఇప్పుడే నాటేద్దామంటోంది. వానలు పడుతున్నాయి కదా అని. నాటేయమంటారా? స్థలంలో ఏ వైపు పెట్టాలి? ఇసుక గట్టు వరకూ మాదేనని బావ అంటున్నారు, అక్కడి నుంచే వరస మొదలుపెడితే గాలికి అడ్డంగా ఉంటుందని ఆయన ఆలోచన.

భీమిలి గాలి · సెప్టెంబరు 14

ఈ ఏడాది వద్దండి. రెండు విషయాలు.

మొదటిది కాలం. మన తీరానికి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. వేరు పట్టకముందే ఆ గాలి తగిలితే ఇసుక ఎగిరి కాడని కోసేస్తుంది. తర్వాత వెంటనే పొడి కాలం. ఈ చలికాలం, వేసవి కవర్లోనే దాటించి, అడుగు పైన ఎత్తు వచ్చాక వచ్చే జూన్, జూలైల్లో నాటితే రెండు వానాకాలాల నీరు దొరుకుతుంది.

రెండోది చోటు. ఇసుక గట్టు మీద దయచేసి ఏమీ నాటకండి. అది ఎవరి పట్టాలో ఉందన్నది అటుంచి, తీరం ఒడ్డు మీద నిబంధనలు ఉన్నాయి, ముందు అధికారుల్ని అడగాలి. చలికాలం చివర్లో మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటికి ఖాళీ ఇసుక కావాలి. గట్టు మీద ఇప్పటికే రావణాసురుడి మీసాలు అనే గడ్డి, ఊదా పూల తీగ ఉండి ఉంటాయి. వాటిని కలుపు మొక్కలనుకుని పీకించేస్తారు చాలామంది. ఇసుకని పట్టి ఉంచేది అవే. వాటి వెనక మొగలి పొదలుంటే ఇంకా మంచిది. మొగలి వెనక గంగరావి, పొన్న. అలా వరసలుగా ఉంటే ముందున్నది వెనకదాన్ని కాస్తుంది, మీ అక్కగారి మామిడి కూడా కోలుకోవచ్చు.

వాల్తేరు వాసి · సెప్టెంబరు 15

ఆ తీగని పోయిన నెలే పీకిద్దామనుకున్నారు బావ. ఈ పోస్టు చదివి వినిపించాను, ఆపేశారు. చాలా థాంక్సండి. వచ్చే జూన్ దాకా నా మేడ మీదే ఉంచుతాను. గొయ్యి ఎంత తీయాలి, ఊతకర్ర కట్టాలా?

నర్సరీ బాబాయి · సెప్టెంబరు 15

గొయ్యి మోకాలి లోతు, అంతే వెడల్పు. తీసిన మట్టిలోనే గెత్తం కలిపి వెనక్కి వెయ్, బయట నుంచి మంచి మట్టి తెచ్చి నింపితే వేరు ఆ గొయ్యి దాటి రాదు. కవరు కోసి చూసినప్పుడు అడుగున వేరు చుట్ట కనిపిస్తే ఆ చుట్ట ఒక్కటీ కత్తెరతో తీసెయ్. కర్ర కట్టు, కానీ వదులుగా. మొక్క గాలికి కొంచెం ఊగాలి, ఊగితేనే మొదలు గట్టిపడతాది. ఏడాది తిరిగాక కర్ర తీసెయ్. చుట్టూ ఎండాకు పరిచి రెండు వేసవులు నీళ్లు పొయ్యి. మేకలు దీని జోలికి పెద్దగా రావు గానీ తొక్కుతాయి, కంచె కట్టుకో.

పువ్వు కోసం ఏడెనిమిదేళ్లు ఆగాలమ్మా, ముందే చెబుతున్నా.

వాల్తేరు వాసి · సెప్టెంబరు 15

ఆగుతాను బాబాయి గారూ. అక్క కూతురికి ఇప్పుడు ఆరేళ్లు, నీళ్లు పోసే పని అప్పుడే తనకి అప్పగించాను.

మాకు కావలసినవాటికన్నా మొక్కలు చాలా ఎక్కువ వచ్చాయి. గాజువాక గారికి రెండు తీసి పెట్టాను. ఇంకా ఎవరికైనా స్థలం ఉంటే చెప్పండి, ఆదివారం పొద్దున ఎంవీపీ రైతుబజారుకి వస్తాను, అక్కడ ఇస్తాను. 6 మీటర్ల ఖాళీ ఉన్నవాళ్లే అడగండి.

ఋషికొండ · సెప్టెంబరు 16

నాకు ఒకటి. మా స్థలం కొలిచాను, తూర్పు వైపు ఎనిమిది మీటర్లు ఉంది.

గాజువాక · సెప్టెంబరు 16

ఆదివారం బండి మీద వస్తానండి. రెండింటినీ డిక్కీలో పెట్టుకోవచ్చా?

నర్సరీ బాబాయి · సెప్టెంబరు 16

డిక్కీలో వద్దు, ఉక్కపోస్తాది, వంగితే చిగురు విరిగిపోద్ది. ముందు కాళ్ల దగ్గర నిలబెట్టుకో, గాలి తగలకుండా పైన గోనెసంచి చుట్టు. ఎత్తేటప్పుడు కవరు అడుగున చెయ్యి పెట్టి ఎత్తు, కాడ పట్టుకుని ఎత్తకు.